ఒకటి దగ్గర చింపిన చీటీ

బిషెనో,
ఆదివారం, జూలై 14

చిట్టితల్లి పిప్‌కి,

అమ్మ ముద్దులతో రాస్తున్నది. ఇక్కడ నేనూ, కుక్కా, కోళ్ళూ క్షేమం. నా మోకాలు కూడా క్షేమమే, మెట్లెక్కమననంతవరకూ. మెల్‌బోర్న్ చలిలో నువ్వెలా ఉన్నావో రాయి.

ముందు నీ ప్రశ్నలకి జవాబులు. అవును, నిమ్మచెట్టు బతికింది. లేదు, కొత్త హీటరు కొనలేదు, మళ్ళీ అడక్కు. మూడోది నీ సినిమా సంగతి. దానికే వస్తున్నాను.

నీ సినిమా వేసిన రోజు హాలు కిటకిటలాడిపోయిందనుకో! ఎప్పట్లాగే తలా ఓ పళ్ళెం తినుబండారాలు తెచ్చారు. నేను గుడ్డు శాండ్‌విచ్‌లు చేశాను. ఫిలిం సొసైటీ సెక్రటరీ గ్లెనిస్ పేపర్లలో వచ్చిన పొగడ్తలన్నీ గడగడా చదివింది. "ఒకే సినిమాలో హత్య, దెయ్యం, ప్రేమ, పాటలూనట!" అంది.

"మిగిలిపోయిన కూరలన్నీ కలిపి మరగబెడితే మా ఇంట్లో సూప్ అంటారు" అన్నాడు వెనక నించి నోయెల్. మీ పాత లెక్కల మాస్టారు నోరు నీకు తెలిసిందేగా.

మొదటి అరగంట, నిజం చెప్పొద్దూ, శాండ్‌విచ్ చేతిలోనే ఉండిపోయింది. లాబ్‌స్టర్ రొయ్యలు పట్టే పడవవాడు శవమై ఒడ్డుకి కొట్టుకొచ్చాడు. ఎవరు చంపారా అని నేను లెక్కలు వేసుకుంటూంటే శవం లేచి వంటింట్లోకొచ్చి టీ అడిగింది. సరే. పోలీసు పాటెత్తుకున్నాడు. అదీ సరే. చివర ఆరు నిమిషాలు వట్టి సముద్రం చూపించి దీపాలు వేసేశారు! హంతకుడెవరే? చిన్నప్పుడు కథ మధ్యలో ఆపితే "ఎవరు చంపారో చెప్పు" అని నా గౌను పట్టుకుని వెంటపడి పళ్ళు కూడా తోముకునేదానివి కాదు. ఆ పిల్లేనా ఇది తీసింది?

బయటికొచ్చేటప్పుడు చీటీ చింపి డబ్బాలో వెయ్యాలి కదా, అయిదుకి ఎంత నచ్చితే ఆ అంకె దగ్గర. లెక్కపెడితే అన్నీ అయిదులే, ఒక్క నాలుగూ, ఒక్క ఒకటీ తప్ప. ఇక చూడు! నీ సినిమాలో దొరకని నేరస్థుణ్ణి ఊరంతా ఇక్కడ వెతుకుతోంది. అందరి వేళ్ళూ నోయెల్ వైపే. ఏ సినిమాకీ మూడు దాటని మనిషి మరి. బేకరీలో పలకరించే దిక్కు లేదు. గ్లెనిస్ అయితే ఆయన పళ్ళెం కడక్కుండా తిరిగిచ్చింది.

"నాలుగు చింపాన్రా బాబూ, మన పిల్ల కదా అని ఒకటి ఎక్కువే వేశాను!" అని పాపం మొత్తుకుంటున్నాడు. నేను పక్కనే నిలబడి రొట్టె కొనుక్కున్నాను.

"కోపం లేదమ్మా, ఆ ఒకటి ఎవరిదో కనుక్కో, ఏం నచ్చలేదో తెలుసుకోవాలనుంది" అని రాశావు, గ్లెనిస్ లెక్క పంపాక. నాదే, పిప్.

సినిమాలో చచ్చిపోయినవాడి భార్యకి నా నీలం స్వెటర్ తొడిగావు, మోచేతి దగ్గర అతుకుతో సహా. రెండు చేతులతో కప్పు పట్టుకోవడమూ నాదే. పోలీసు ఆవిణ్ణి "ఆ పొద్దున ఏం జరిగింది?" అని అడగ్గానే నేను కుర్చీ అంచుకి జరిగాను. ఆవిడ మాట్లాడలేదు. నువ్వు సముద్రం చూపించావు.

మీ నాన్న ఆఖరిసారి పడవెక్కిన పొద్దున మేం పోట్లాడుకున్నాం. గాలివాన వస్తుందని రేడియోలో చెప్పారు. మీ నాన్న షెడ్డులో రొయ్యల బోనులు సర్దుకుంటున్నాడు, ఆయనకి వినపడలేదు. నేను విన్నాను. కోపంతో చెప్పలేదు. చెప్పినా వెళ్ళేవాడేమో, తెలీదు. తొమ్మిదేళ్ళ పిల్లవి, గుమ్మంలో నిలబడి ఉన్నావు. ఆ రేడియో నువ్వూ విన్నావా? ముప్పై ఏళ్ళుగా ఇదే అడగలేక చస్తున్నాను. తెరమీద ఇప్పుడు చెబుతావు, ఇప్పుడు చెబుతావు అని ఆ ఆరు నిమిషాలూ కుర్చీ అంచున కూర్చున్నాను. నువ్వూ చెప్పలేదు. ఒళ్ళు మండి ఒకటి దగ్గర చింపాను.

రేపు నోయెల్‌కి పళ్ళెం నిండా లామింగ్టన్ కేకులు పట్టుకెళ్ళి నిజం చెప్పేస్తాను. ఊరికి ఆయనే చాటుకుంటాడులే.

నా నేరం ఒప్పుకున్నాను, ఇక నీ వంతు. పేపర్లవాళ్ళకి చెప్పిన జవాబు నాకొద్దు. ఆవిడే చంపిందని నువ్వనుకుంటున్నావా? అవునన్నా సరే, ఇంటికొచ్చి చెప్పు. స్వెటర్ తలుపు వెనకే వేలాడుతోంది.

ఇట్లు,
జవాబు కోసం కుర్చీ అంచునే కూర్చున్న
మీ అమ్మ