పుట్టించినవారి పేరు

అమ్మకు, నీ చిన్నకూతురు రేణుక దండం పెట్టి రాస్తున్నది. నేను బాగున్నాను. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందా? అన్న ఈ ఉత్తరం నీకు నిదానంగా చదివి వినిపించాలి.

ఈ హిమాచల్ కొండల్లో ఇంకా చలి వదల్లేదు. రొట్టెలు తిని తిని నోరు చచ్చిపోయింది. సంగటి, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి మీదికే మనసు పోతోంది. ఒళ్లు మాత్రం బాగానే ఉంది, దిగులు పడొద్దు.

నేను పనిచేసే నర్సరీలో నేను పుట్టించిన ఐరిస్ పువ్వుకు నీ పేరు పెట్టాలనుకున్నాం కదా. బతికున్న మనిషి పేరు పెట్టాలంటే ఆ మనిషి ఒప్పుకుని సంతకం చేయాలని ఫోన్‌లో చెబితే, "పువ్వుకు మునెమ్మని పేరా? యాల మే, పుంగనూరంతా నగుతారు" అన్నావు. అంటూనే మురిసిపోయావు.

నాలుగేళ్ల కిందట ఒక పువ్వు పుప్పొడి తీసి ఇంకో పువ్వుకు అద్దింది నేను. విత్తనం నాటి, మూడేళ్లు కాచుకుని, పైరెక్కలు పసుపుగా, కింది రెక్కలు చింతపండు రంగులో పూసిన రోజు నా నోటుబుక్కులో రాసుకున్నదీ నేనే. తీరా పేరు నమోదు చేసే ఫారంలో, పుట్టించినవారు అన్నచోట మా యజమాని తన పేరు రాసుకున్నాడు.

అడిగితే, "మీ అమ్మ పేరు పెడుతున్నాం కదా, ఇంకేం కావాలి?" అన్నాడు. నీ పేరును లంచంగా ఇస్తున్నాడమ్మా. ఆ పూటే పని మానేశాను.

మరుసటి రోజు సిగ్గు లేకుండా ఫోన్ చేశాడు. "ఫారంలో అడుగుతున్నారు. ఆ పువ్వుకు తల్లి మొక్క ఏది, తండ్రి మొక్క ఏది?"

కోపంలో నాకు హిందీ రాలేదు. "పుట్టించినోడివి నువ్వే గదా, నన్ను యాల అడుగుతాండావు?" అని మన మాటలోనే అరిచి ఫోన్ పెట్టేశాను. ఏ పువ్వుకు ఏ పుప్పొడి అద్దానో రాసున్న నా నోటుబుక్కు ఇమ్మని మనిషిని పంపాడు. నేను కొన్నది, నేను రాసింది. ఇవ్వలేదు. చివరికి తల్లీ తండ్రీ తెలియదని రాసి పెట్టుకున్నాడట. ఛీ! అంతకంటే అసహ్యం ఏముంది? నీ సంతకానికని ఒక కాగితం కొరియర్లో పంపాడు. తల్లిదండ్రులు లేని పువ్వుకు నీ పేరు ఇవ్వొద్దమ్మా. వేలిముద్ర వేయకు.

నెలాఖరుకు కుప్పంలో రైలు దిగుతాను. శాంతిపురం దగ్గర పూలతోటల్లో పని ఉందేమో అన్నను విచారించమను. మదనపల్లె పిన్నమ్మకు, నిమ్మనపల్లె మామకు నా దండాలు. నా తల మీద చెయ్యి పెట్టినట్టే అనుకుని ఒక మాట దీవించు.

నీ బిడ్డ,
రేణుక