చోక్‌లో గడ్డకట్టిన కొబ్బరినూనె

అమ్మా బిందూ,

ఈరోజు పది నుంచి మూడు దాకా కరెంటు తీస్తారట. గుడ్లు పొదిగే పెట్టె చల్లబడకూడదు, ఇవాళ ఇరవయ్యో రోజు, పిల్లలు బయటికొచ్చే వేళ. జనరేటర్‌ని పెరట్లోనే స్టార్ట్ చెయ్యి, లోపలికి తేకు.

ముందు ఎయిర్ ఫిల్టర్ మూత తీసి చూడు. లోపల ఇంజనుకి గాలి వెళ్లే దారిలో రూపాయి బిళ్లంత చోక్ రేకు ఉంటుంది. ఇంజను చల్లగా ఉన్నప్పుడు అది మూసుకుని ఉండాలి, వేడెక్కాక తనంతట తనే తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే నల్లపొగ వస్తుంది. అప్పుడు ఇంజను ఆపి, చల్లారాక వేలితో మెల్లగా కదుపు.

నిన్న స్టార్ట్ కాకపోతే తాడు లాగడం నీకు రాదని కసిరాను. తప్పు నాదే. రేకు బిగుసుకుందని మొన్న మీ అత్తయ్య సీసాలో మిగిలిన కొబ్బరినూనె రెండు చుక్కలు వేశాను. చలికి అది గడ్డకట్టి రేకుని సగంలో పట్టేసింది. "ఏటి మావయ్యా, ఇంజనుకి కూడా తలంటుతన్నారా?" అని నువ్వు నవ్వినప్పుడే ఆగాల్సింది. ఇప్పుడు పెట్రోలు గుడ్డతో తుడిచి ఆరబెట్టాను. రేకు బాగా కదులుతోంది.

పొద్దున పెట్టెకి చెవి ఆనించాను. ఎవరో నిద్రలో మాట్లాడుకుంటున్నట్టు లోపల సన్నగా కిచకిచ. మీ అత్తయ్య ఉంటే ఎన్ని పిల్లలో విని చెప్పేసేది. కాసేపు అలాగే కూర్చుండిపోయాను, చీడికాడ వెళ్లే మొదటి బస్సు వెళ్లిపోయింది. రెండో బస్సుకి వెళ్లి సాయంత్రానికి వస్తాను.

మావయ్య

నేను రాకముందే పిల్లలు బయటపడితే, తడి ఆరేదాకా మూత తీయకు. పెట్టె అద్దంలోంచి నా వంతు కూడా చూడు.