పిల్లలతో మాట్లాడవలెను

చిరంజీవి చిన్నతమ్ముడికి అక్క ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

సోమవారం పొద్దుటి సంగతి రాస్తున్నాను. ఎప్పటిలాగే చీకటితో లేచి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. ముందుగది ఊడ్చి చాపలు పరిచాను. మిల్లు కూత కూయగానే తల్లులు పిల్లల్ని దింపి పరుగున పోయారు. ముక్కులు తుడిచాను. పాలు కాచి, చల్లార్చి తాగించాను. దర్జీ మనవడు ఒలకబోశాడు, తుడిచాను. ఎండ లోపలికి రాగానే చాపలు నీడకి లాగాను. ఎవరూ ఏడవలేదు. మీ ఆఫీసు సూపర్‌వైజరమ్మ మూల స్టూలు మీద కూర్చుని ఇదంతా చూసింది.

వెళ్తూ అంది: "పెద్దమ్మా, పొద్దుట్నించీ మీరు పిల్లలతో అన్నది 'రా', 'తాగు', 'చాలు'. అంతే. వీళ్ళకి మాటలెలా వస్తాయి?"

"వాళ్ళమ్మలకి వచ్చాయి కదమ్మా," అన్నాను.

వానలు వెలిశాక మళ్ళీ వస్తుందట. అప్పటికి పిల్లల మాటలు పెరక్కపోతే మనింట్లో నడిచే ఈ పిల్లల కేంద్రం మూసేస్తారట. మూస్తే ఈ తల్లులు పిల్లల్ని తీసుకెళ్ళి మగ్గాల మధ్య పడుకోబెట్టాలి. ఏం చేయాలో రెండు ముక్కల్లో రాయి.

ఇట్లు,
అక్క

తా.క. రెండు ముక్కలంటే రెండు పేజీలు కాదు.

* * *

అక్కయ్యకి తమ్ముడి నమస్కారాలు.

నీ ఉత్తరం చూసి ముందు నవ్వుకున్నాను, తర్వాత సిగ్గుపడ్డాను. 'పిల్లలతో మాట్లాడవలెను' అని కేంద్రాలన్నిటికీ సర్క్యులర్ పంపింది నేనే. మా అక్కే మాట్లాడదని తెలిస్తే ఆఫీసులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?

పసిపిల్లల బుర్ర మాటలతో పెరుగుతుంది అక్కయ్యా. నువ్వు చేసేది చెప్పు. చూసేది చెప్పు. మనసులో అనుకునేది కూడా పైకి చెప్పు. ఇది అనొచ్చా, అది అనకూడదా అని వడపోయకు. పసివాళ్ళకి ఏం అర్థమవుతుందిలే అని మాత్రం అనుకోకు, అన్నీ అర్థమవుతాయి. మిగతా వివరాలు వెనక పేజీల్లో రాశాను.

నీ
తమ్ముడు

తా.క. ఇంట్లో నేను చేస్తున్నది ఇదే. నీ మరదలు చెవుల్లో దూది పెట్టుకుంటోంది గానీ, మావాడికి మాటలు తొందరగా వచ్చాయి. వాడి మొదటి మాట "నాన్నా, ఆపు."

* * *

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

నువ్వు చెప్పినట్టే చేస్తున్నాను. మొదటిరోజు "ఇప్పుడు చీపురు పట్టుకున్నాను, ఇప్పుడు ఊడుస్తున్నాను" అంటుంటే పిల్లలు భయపడి గోడకి అతుక్కుపోయారు. మర్నాటికి అలవాటుపడ్డారు. అయినా ఊడవడం గురించి ఎంతసేపని చెబుతాం. కిటికీ దగ్గర నిలబడి వీధిలో కనపడేది చెప్పాను. నువ్వు రాశావు గనక మనసులో అనుకున్నది కూడా చెప్పాను. "అడుగో దర్జీ తాత. ఆయన కుట్టిన చొక్కా వేసుకుని మా పెద్దతమ్ముడు ఊపిరి పీలిస్తే గుండీ ఊడింది. అదుగో ఎదురింటావిడ. మన బకెట్టు తీసుకెళ్ళి ఆ సంగతే మర్చిపోయింది."

పిల్లలు పొల్లు పోకుండా ఇళ్ళలో అప్పజెప్పారు. నిన్న దర్జీ వచ్చాడు.

"నా చేతిపని మీద పసిపిల్లలకి పాఠాలా అక్కగారూ?"

"పాఠం కాదయ్యా, స్కీము," అన్నాను.

ఎదురింటావిడ బకెట్టు మన గుమ్మంలో విసిరేసి పోయింది. ఆపమంటావా?

ఇట్లు,
అక్క

తా.క. బకెట్టు దొరికింది, సంతోషం.

* * *

అక్కయ్యకి నమస్కారాలు.

ఆపకు. నీ ఉత్తరంలో సంగతి మా ఆఫీసరుగారికి చెప్పాను. "తల్లిదండ్రులు వాళ్ళంతట వాళ్ళే వస్తున్నారా? పాఠాల గురించి అడుగుతున్నారా? సామాను కూడా ఇస్తున్నారా?" అని కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మిగతాచోట్ల బతిమాలినా గడప తొక్కరు.

ఇక రెండో మెట్టు. నువ్వు చెప్పడమే కాదు, వాళ్ళచేత చెప్పించాలి. రోజూ పొద్దున్నే ఒక్కొక్కర్నీ "నిన్న మీ ఇంట్లో ఏం జరిగింది?" అని అడుగు.

నీ
తమ్ముడు

తా.క. ఆ బకెట్టు మీద కేంద్రం పేరు రాయించు.

* * *

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు.

అడిగాను. చెప్పారు. అన్నీ నీకు రాయను. చెవుడు వచ్చిన ముసలావిడకి కోడలు ఇంట్లో లేనప్పుడు అన్నీ వినపడతాయట. మిల్లు వాచ్‌మన్ వీధికుక్కని చూసి మంచం ఎక్కాడట. మన పెద్దతమ్ముడు డాక్టరు వద్దన్న మిఠాయి బీరువా చాటున తింటున్నాడట. ఇది వాడి కూతురే చెప్పింది.

నేను ఎవరి దగ్గరా నోరు మెదపలేదు. కానీ ఒక పిల్ల చెప్పింది మిగతా పిల్లలంతా విన్నారు. సాయంత్రానికి వీధంతా పాకింది. ఇప్పుడు పెద్దవాళ్ళలో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. నిన్న తల్లులూ తండ్రులూ అంతా కట్టగట్టుకుని వచ్చారు. ఇక పిల్లల్ని పంపరట. మగ్గాల దగ్గరే పడుకోబెట్టుకుంటారట. ఆ మగ్గాలు తలుచుకుంటే దేవుడి ముందు కూర్చున్నా మనసు నిలవడం లేదు.

ఇట్లు,
అక్క

తా.క. కుక్క సంగతి ఎవరికీ చెప్పొద్దని వాచ్‌మన్ అడిగాడు. అప్పటికే నీకు రాసేశాను.

* * *

అక్కయ్యకి నమస్కారాలు.

పొరపాటు జరిగింది. "తల్లులూ తండ్రులూ అంతా కట్టగట్టుకుని వచ్చారు" అన్నంతవరకూ చదివి, ఉత్తరం పట్టుకుని ఆఫీసరుగారి గదిలోకి పరిగెత్తాను. మిగతాది బయటికొచ్చాక చదివాను. గురువారం ఆయనా సూపర్‌వైజరమ్మా కలిసి అక్కడికి వస్తున్నారు. తల్లిదండ్రులందరికీ ప్రశంసాపత్రాలు ఇస్తారట.

నిజం చెబుదామని మళ్ళీ రెండుసార్లు ఆయన గుమ్మం దాకా వెళ్ళాను. జీవితంలో మొదటిసారి నాకు మాట రాలేదు. నువ్వే ఎలాగో సర్దు.

నీ
తమ్ముడు

తా.క. నేను రాలేను. గురువారం నాకు కడుపునొప్పి.

* * *

చిరంజీవి తమ్ముడికి ఆశీస్సులు. కడుపునొప్పి తగ్గిందని తలుస్తాను.

ఆఫీసరుగారు వచ్చారు. అదే వేళకి వీధివాళ్ళూ పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చారు, వాళ్ళ గ్లాసులూ దుప్పట్లూ తీసుకుపోవడానికి. ఎవరి మొహం ఎవరూ చూసుకోలేదు. ఆఫీసరుగారు చాప మీద కూర్చున్నారు. పిల్లలు ఆయన చుట్టూ మూగారు.

"నువ్వెవరు? కళ్ళజోడెందుకు? నిన్న మీ ఇంట్లో ఏం జరిగింది?" అని పెద్దతమ్ముడి కూతురు అడిగింది.

ఆయన అంతగా ఆలోచించినట్టు లేదు. "మా ఆవిడ అలిగింది. నాతో మాట్లాడ్డం లేదమ్మా," అన్నారు.

"ఎందుకూ?" అన్నారు పిల్లలు.

ఆయన చెప్పారు. చాలాసేపు చెప్పారు. ఈలోగా వీధివాళ్ళు ఒక్కొక్కరే గుమ్మం దగ్గర్నుంచి లోపలికి జరిగారు. చెవుడు వచ్చిన ముసలావిడ "తప్పు నీదే నాయనా," అంది. కోడలు నవ్వింది. అందరూ నవ్వారు. సూపర్‌వైజరమ్మ స్టూలు మీంచి లేచి, పిల్లలకి మాటలు బాగానే వచ్చాయి, కేంద్రం మూసే పని లేదు అంది.

"మీరేమంటారు?" అని ఆఫీసరుగారు వీధివాళ్ళని అడిగారు.

దర్జీ గొంతు సవరించుకున్నాడు. "మానిపిద్దామనే వచ్చామండీ. కానీ మావాడొక్కడూ రాకపోతే, ఇక్కడ మా గురించి ఏమనుకుంటున్నారో మాకు చెప్పేదెవరు?"

మిగతావాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. తీసిన దుప్పట్లు ఎక్కడివక్కడ పెట్టేశారు.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని నిర్ణయించుకున్నాం. పొద్దుటిపూట పిల్లలతో ఇక్కడి మరదలు, పెద్దతమ్ముడి భార్య, మాట్లాడుతుంది, దానికి ఎలాగూ అలవాటే. కాకులు, మబ్బులు, గిన్నెల సంగతులే చెబుతుంది. ఇంటి గుట్లు అడగదు. మధ్యాహ్నం నిద్రవేళ నాది. మిఠాయి పెద్దతమ్ముడు అందరి ముందే తింటాడు, తక్కువగా.

ఇట్లు,
అక్క

తా.క. ఇంకొకటి కూడా నిర్ణయించాం. ఆఫీసరుగారితో వాళ్ళావిడ మాట్లాడిందో లేదో నువ్వు వెంటనే కనుక్కుని రాయాలి. దర్జీ ఇప్పటికే రెండుసార్లు వచ్చి అడిగి వెళ్ళాడు. ఈసారి ఎన్ని పేజీలైనా పరవాలేదు.