గొడ్డలి పట్టిన తాత

సెంబవాంగ్, సింగపూర్,
ఆదివారం.

అత్తయ్యకు నమస్కారాలు.

మీరు ఫోన్ ఎత్తడం లేదని రాస్తున్నాను. నిన్న టోవా పాయో నుంచి శాలిని అనే ఆవిడ మన ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. రబ్బరు తోటలో వెట్టికి బంధించిన కూలీలను మీ తాతగారు అప్పన్న, గొడ్డలితో తలుపులు పగలగొట్టి, అడ్డొచ్చిన కంగాణీని, అదే ఆ కూలీల మేస్త్రీని, కొట్టి మరీ విడిపించారట. జైలుకెళ్లింది అందుకేనట.

“వాళ్లలో మా ముత్తవ్వ ఉంది అంకుల్. ఆయన లేకపోతే మేమెవరమూ లేము!” అని ఆవిడ మా నాన్న చేతులు పట్టుకుంది.

జైలుకెళ్లినవాడని ఆయన ఫోటో చింపబోయిన నాన్న, దాన్ని మీరు లాక్కుపోయారని మీతో మాటలే మానేసిన నాన్న, వెక్కివెక్కి ఏడ్చారు.

ఆ ఫోటో తీసుకుని పాసిర్ రిస్ నుంచి బయల్దేరండి. దానికోసం నాన్న హాల్లో మేకు కొట్టారు. “మా చెల్లెలే వచ్చి తగిలించాలి” అంటున్నారు.

మీ మేనకోడలు