తడి ఆరని సంచి

చిట్టితల్లికి,

నీ సీసా చేరింది. నీళ్ళలో నానే సంచి, అందులో కప్పగుడ్లలాంటి గుళికలు! పట్టుకుంటే జారిపోతున్నాయి, ఛీ. దీన్ని పాలలో ముంచి ఆ పాలు మీ అమ్మకి పట్టాలా? జ్వరం తగ్గాక ఆవిడ గొంతు దిగేది పాలొక్కటే. తాగితే కడుపుబ్బరం, మెలికలు. మనిషి పుల్లయిపోయింది. నువ్వేమో ఈ రోత పంపావు.

గుళికల్ని కాగితపు గుజ్జుతోనే చేశామన్నావు. కాగితం మిల్లులో జుట్టు నెరిసినవాణ్ణి, నాకే గుజ్జు పాఠమా? షీటులో సూదిమొనంత చిల్లు పడితే మా మేస్త్రి మొహాన కొట్టేవాడు. మీరు గుళికనిండా చిల్లులు పెట్టి జీతాలు తీసుకుంటున్నారు. సిగ్గులేదూ?

ఇంకా బుర్ర చెడని
మీ నాన్న

నాన్నా,

తిట్టడం అయిందా? ఆ చిల్లుల్లోనే ఉంది అసలు పని. పాలలో ఉండే చక్కెర అమ్మకి అరగడంలేదు. దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్‌ని ఆ చిల్లుల్లో కూర్చోబెట్టాం. సంచిని రాత్రంతా ఫ్రిజ్‌లో పాలలో ఉంచి, పొద్దున తీసెయ్. మా డెయిరీ వాళ్ళు అమ్మేదీ ఇలా చేసిన పాలే. వాడాక సంచిని కడిగి మళ్ళీ సీసా నీళ్ళలోనే పెట్టు. అమ్మని చూసుకో.

నీ మొండిపిల్ల

మొండిపిల్లకి,

నీళ్ళలో పెట్టమంటావా? బూజు పట్టించడానికా? నేను శుభ్రంగా కడిగి, బాల్కనీలో బట్టలారేసే తీగ మీద గట్టిపడేదాకా ఎండబెట్టాను. ఆరితేనే అది సరుకు. అప్పుడు పాలలో వేశాను. మీ అమ్మ తాగింది. తెల్లార్లూ పొట్ట పట్టుకుని మూలిగింది. నీ చదువు మీద ఉమ్మెయ్యాలనిపించింది. ఇంకోటి పంపావో, మురుక్కాలవలో పారేస్తా.

మీ నాన్న

నాన్నా,

ఎండబెట్టావా! ఆరితే చిల్లులు మూసుకుపోతాయి, ఎంజైమ్ చచ్చిపోతుంది. ఒకసారి ఆరిన గుజ్జు ఎంత నానబెట్టినా మళ్ళీ మొదట్లోలా నీళ్ళు తాగదని, చిన్నప్పుడు నన్ను మిల్లుకి తీసుకెళ్ళి చూపించింది ఎవరు?

ఇంకో సీసా పంపుతున్నాను. పారేసే ముందు అమ్మ మొహం చూడు.

నీ పిల్ల

తల్లీ,

చూశాను. పారెయ్యలేదు.

ఆ గుజ్జు సంగతి నేనే చెప్పి, నేనే మర్చిపోయాను. నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలి. ఆ మూలుగు నా వల్లే అని మీ అమ్మకి చెప్పాను. "పోన్లెండి, ఈసారైనా పిల్ల మాట వినండి" అంది.

కొత్త సంచితో మూడు పూటలు తాగింది. పొట్ట పట్టుకోలేదు. ఇవాళ ఇంకో గ్లాసు అడిగింది. నేను సంచి కడిగి జాగ్రత్తగా సీసాలో దింపుతుంటే, "మన పిల్లనైనా ఇంత పదిలంగా ఎత్తుకున్నారా?" అని నవ్వింది. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్ళయిందో.

అది మాత్రం ఇప్పటికీ కప్పగుడ్లలాగే ఉంది. ముట్టుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అయినా ఇంకెవర్నీ ముట్టుకోనివ్వను.

బాల్కనీ తీగ తెంపేసిన
మీ నాన్న