రెండో ప్రతివాది

చిరంజీవి వీరబాబుకి, అమ్మ దీవించి చెబుతుంటే పక్కింటి సలోమి టీచరుగారు రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేనూ, గేదే బాగున్నాం. విశాఖపట్నంలో నువ్వూ, నాగదుర్గా, పిల్లా కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగావు. కోర్టు మెట్లు ఎక్కేటంత బాగుంది. ఫోనెందుకు ఎత్తడం లేదన్నావు. ఫోనులో అయితే మాట మధ్యలో పెట్టేస్తావు. కాగితమైతే చివరిదాకా చదువుతావు.

"మావయ్య మీద దావా వద్దమ్మా, మనవాళ్లేగా" అని రాశావు. నా తమ్ముడు జగ్గయ్య నీకు పిల్లనిచ్చిన మావే, కాదనను. లంక చేను అమ్మిన నా నాలుగు లక్షలు నోటు రాసి పట్టుకెళ్లిందీ వాడే. ఆ వడ్డీతోనే నా పొయ్యి వెలగాలి. రెండేళ్లుగా పైసా లేదు. అడగబోతే అరుగు మీద పదిమందిలో ఏమన్నాడనుకున్నావు? "వేలిముద్ర వేసేదానివి, కోర్టుకెళ్లి ఏం చదువుతావక్కా?" అన్నాడు. అందరూ నవ్వారు. మీ అత్త కూడా గుమ్మంలోంచి నవ్వింది.

తిన్నగా కొత్తపేట వెళ్లి లాయరు మాణిక్యాలరావుగారి చేత నోటీసు ఇప్పించాను. అది అందిన వారానికే వాడు కొబ్బరితోట కొడుకు పేర రాసేశాడు.

"అప్పు ఎగ్గొట్టడానికి రాసింది కొట్టేయించొచ్చండి. ఏళ్లు పడుతుందండి" అన్నారు లాయరుగారు.

"అందాకా నేనుండొద్దా అండీ? ఇంకో దారి చూడండి."

ఆయన నోటు తిరగేశారు. "ఈ హామీ సంతకం ఎవరిదండీ?"

"మా అబ్బాయిదండి. మావగారి మాట తీసెయ్యలేక పెట్టేడు."

"హామీదారు మీదా వెయ్యొచ్చండి. తీర్పొచ్చేక జీతంలో కోత పెట్టించొచ్చు. కానీ కన్నకొడుకు కదండీ..."

"ఆయ్, నేను కన్నవాడేనండి. వెయ్యండి" అన్నాను.

ఇంతసేపూ దాచిన మాట ఇదే నాయనా. సోమవారం దావా పడింది. ఒకటో ప్రతివాది మీ మావ, రెండో ప్రతివాది నువ్వు. ఈ ముక్క రాయలేనండీ అని టీచరుగారు కలం కింద పెట్టేశారు. రాయమన్నాను.

నీ జీతం మీద నాకు ఆశ లేదు. కోత పడిన నెల నాగదుర్గ పిల్లని చంకనేసుకుని వెళ్లి వాళ్ల నాన్న అరుగు మీద కూర్చుంటుంది. అప్పుడు నవ్వమను వాణ్ని.

సమన్లు వస్తే ఇంట్లో లేనని చెప్పించకు, సంతకం పెట్టి తీసుకో. వాయిదాకి వచ్చినప్పుడు భోజనం మనింట్లోనే. చింతచిగురు రొయ్యలు వండి పెడతాను. తింటూ రాజీ మాట ఎత్తావంటే మాత్రం విస్తరి దగ్గర్నుంచే లేపేస్తాను.

ఇట్లు,
నీ మీద దావా వేసిన అమ్మ,
సూరమ్మ