నిటారుగా నిలబడగలడు

జూన్ 8
డిసేబిలిటీ పెన్షన్ కోసం వేసిన అప్పీలు తిప్పికొట్టారు. నా నడుం నొప్పి ‘సైనిక సేవ వల్ల కలిగినది కాదు’ అట. కింద ఎవడిదో సంతకం, కోడి కెలికినట్టు. మరి దేని వల్ల? మగ్గం వల్లనట! మెడికల్ బోర్డులో ఆ డాక్టరు నవ్వుతూ ‘మీ ఇంట్లో ఏం పని చేసేవాళ్లు’ అని అడిగితే, మర్యాదకు అడిగాడనుకున్నా. మా నాయన కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడని, చిన్నప్పుడు నేనూ మగ్గం మీద కూర్చున్నానని గొప్పగా చెప్పా. అది రాసుకున్నాడు. మంచు కొండల్లో పటాలం లారీ టైరుకు గొలుసులు కడుతుంటే జాకీ జారి నడుం విరిగినంత పనైందని చెప్పా. అది రాసుకోలేదు. బడి ఎగ్గొట్టి మగ్గం ఎక్కింది పనికొచ్చింది గానీ, ఏళ్ల తరబడి ఆ రోడ్ల మీద లారీ తోలింది పనికి రాలేదు. సిగ్గులేని మనుషులు.

జూన్ 9
చెప్పులు తొడుక్కోవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చింది. దీనికీ మగ్గమే కారణమేమో.

జూన్ 14
సాంబయ్య వచ్చాడు. పటాలంలో గుమాస్తాగిరీ... తుపాకీ కంటే టైపు మిషనే ఎక్కువ పట్టినవాడు. ఇప్పుడు మాజీ సైనికుల సంఘానికి పెద్దమనిషి! రెండో అప్పీలు వేద్దామన్నాడు. మళ్లీ బోర్డు, మళ్లీ పరీక్ష. “అన్నా, ఈసారి జర వంగి నడువు. కుర్సీల కూసునేటప్పుడు అమ్మా అను. నీదేం పోతది?”
నొప్పి ఉన్నవాడికి నొప్పి నేర్పుతాడు వీడు. నాటకాలు నాకు రావు, పొమ్మన్నా. చాయ్ తాగి, బిస్కెట్లన్నీ తినే పోయాడు.
సరోజన మగ్గం మీద నుంచే అంది — “ఆయన చెప్పినదాంట్ల తప్పేమున్నదయ్యా? నీది గెలిస్తె నేనీ మగ్గం దిగుత గద.”
మగ్గం దిగుతానని నా భార్య ఇంతకు ముందెప్పుడూ అనలేదు. నా పెన్షన్‌తో ఇల్లు గడవదని ఇద్దరికీ తెలుసు. అప్పీలు వేయమని సాంబయ్యకు ఫోన్ చేశా.

జూన్ 30
నర్సంపేట నుంచి బావమరిది. పత్తి ముచ్చట్లన్నీ అయ్యాక, పోతూ పోతూ — “బావా, మంచిగనే నడుస్తానవ్ గద, ఇంక డిసేబుల్ ఏంది?” నడిస్తే దొంగ. నేల మీద పాకితే తృప్తి వీళ్లకు.

జూలై 2
వాన. నడుం లాగుతోంది.

జూలై 19
పట్నం పోయి వచ్చా. బోర్డు వరండాలో బెంచీ మీద మాజీలందరం. పక్కన కర్ర పట్టుకున్నవాడొకడు. సమోసాలకు పోయినప్పుడు మాత్రం కర్ర బెంచీ మీదే ఉంది. థూ.
లోపల లేడీ డాక్టరు, మేజర్. “ఆరామ్‌సే బైఠియే అంకుల్” అని కుర్చీ చూపించింది. ఎక్స్‌రే చూసింది. మంచు కొండలు, గొలుసులు, జాకీ... మొదటిసారి ఒక మనిషి పూర్తిగా విన్నది. రాసుకుంటోంది కూడా. అయిపోయింది, గెలిచా అనుకున్నా.
అప్పుడు తలుపు తెరుచుకుంది. తెల్ల మీసం, దగ్గరికి కత్తిరించిన జుట్టు, తళతళలాడే బూట్లు. బోర్డు ప్రెసిడెంటే! అంతే — మడమలు టక్కుమన్నాయి. ఛాతీ ముందుకు, గడ్డం పైకి, సావధాన్. నడుంలో నిప్పు పోసినట్టయింది. కదల్లేదు. కళ్లలో నీళ్లు తిరిగినా కదల్లేదు.
ఆమె కలం ఆగింది. నన్ను కింది నుంచి పై దాకా చూసింది.
ఆ పెద్దాయన చాయ్ ఫ్లాస్కు టేబుల్ మీద పెట్టి, ఖాళీ కప్పులు తీసుకొని వెళ్లిపోయాడు.

జూలై 20
నిన్న రైల్లో దారంతా నిలబడే వచ్చా, కూర్చుంటే లేవలేనని. బూట్లు సరోజనే విప్పింది. “ఎట్లయింది?” “మంచిగనే అయింది” అన్నా.

సెప్టెంబర్ 3
వచ్చింది. ‘నిటారుగా నిలబడగలడు.’ అప్పీలు కొట్టివేత. ఇక దాచేదేముంది, సరోజనకు అంతా చెప్పా.
“సావధాన్ అని ఎవలన్నరు?”
“ఎవరూ అనలేదు.”
“మరి ఎవని కోసం నిలబడ్డవ్?”
ఫ్లాస్కు సంగతి చెప్పా. నవ్వుతుందనుకున్నా. నవ్వలేదు. తెగిన పోగు ముడేసి నేతలో పడింది.

సెప్టెంబర్ 4
డాక్టర్లు, సాంబయ్య, బావమరిది — అందరినీ తిట్టా. అందరికంటే పెద్ద గాడిదను నేను. చాయ్‌వాడికి సావధాన్!

సెప్టెంబర్ 18
ఇక ట్రిబ్యునల్ అట. సాంబయ్య పట్టుకొచ్చిన వకీలు ఫోన్ చూస్తూనే మాట్లాడతాడు. “జడ్జి రాంగనే అందరితోని లేవాలె అంకుల్. మీరు మాత్రం జర మెల్లగ లేవున్రి.” లేవాలి. మళ్లీ లేవాలి! వీళ్ల న్యాయం తగలెయ్య.

సెప్టెంబర్ 19
సరోజన కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోమంది. “ఇగో, జడ్జి వచ్చిండు. లే.” లేచా. “గడ్డపార మింగినట్టు లేస్తానవ్. మళ్ల కూసో.” మళ్లీ అంతే. మళ్లీ అంతే. ఇన్నేళ్ల డ్రిల్లు ఒంట్లోంచి పోతుందా?
విసిగిపోయింది. మగ్గం గుంతలోకి దిగి కూర్చుంది. “నన్ను జూడు. ఇట్ల లేవాలె.”
ముందు మగ్గం కర్ర పట్టుకుంది. ఒక మోకాలు ఎత్తింది. ఆగింది. ఇంకో చేయి నడుం మీదికి పోయింది. పెదవి కొరుక్కుంది. సగం లేచి, గోడకు ఆనుకొని, ఊపిరి తీసుకొని, మిగతా సగం లేచింది.
“సమజైందా?”
రోజూ నేను చూస్తున్న లేవడమే అది. సాయంత్రం మగ్గం దిగి నాకు అన్నం పెట్టడానికి లేచేది ఇలాగే. ఎప్పటి నుంచి అని అడగాలనుకున్నా... దవాఖానకు పోదాం పా అన్నా.
“ముందు నీది కానీ,” అంది. జంపఖానా రేపు ఇవ్వాలట. మళ్లీ గుంతలోకి దిగింది.